పెదనాయన నోటిపుండు, సార్క్ అనే స్విచ్

పోయిన సంక్రాంతికి మార్కాపురం వెళ్తే, మా పెదనాయన పెరుగన్నంలోకి ఊరగాయ కూడా వేసుకోకుండా తింటున్నాడు. కారం లేనిదే ముద్ద దిగని మనిషి. "ఏంది పెదనాయనా?" అంటే "నోరు పూసిందిలే రా" అన్నాడు. పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. ఖైనీ కూడా దాదాపు అన్నేళ్ళదే. ఆ 'పూత' వచ్చి అప్పటికే నాలుగు నెలలు. బుగ్గ లోపల, సరిగ్గా ఖైనీ పెట్టుకునే చోట.

ఒంగోలు తీసుకెళ్తే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టులో 'స్క్వేమస్ సెల్ కార్సినోమా' అని వచ్చింది. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అందరూ నా మీద పడ్డారు. "గిద్దలూరులో మనకు తెలిసినాయన బ్లడ్ క్యాన్సర్‌కి రోజూ మాత్ర వేసుకుని పొలం పోతున్నాడు. దీనికీ ఏదో ఒకటి ఉంటుంది, నువ్వు ఇంజనీరువి కదా, వెతుకు" అన్నాడు బాబాయి.

సరే, వెతికాను.

ఆ మాత్ర పేరు ఇమాటినిబ్. 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. మన హైదరాబాద్ నాట్కో కంపెనీ 2003లోనే 'వీనాట్' పేరుతో తక్కువ ధరకు తెచ్చింది. అది ఆపేది ఒక టైరోసిన్ కైనేజ్‌ని.

కైనేజ్ అంటే ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్‌ని తీసి ఇంకో ప్రోటీన్‌కి అతికించే ఎంజైమ్. (ఆ ఏటీపీని 1929లో కనుక్కున్నవాళ్ళలో మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు.) టైరోసిన్ అనే అమైనో ఆమ్లం మీద అతికిస్తే అది టైరోసిన్ కైనేజ్. ఫాస్ఫేట్ పడగానే ఆ ప్రోటీన్ పని మారిపోతుంది. పని అయ్యాక వేరే ఎంజైములు వచ్చి దాన్ని తీసేస్తాయి. మా ఊరి పలకే అనుకోండి. ఒకరు బలపంతో రాస్తారు, ఇంకొకరు తడిగుడ్డతో తుడుస్తారు.

మనిషిలో ఇలాంటి టైరోసిన్ కైనేజ్‌లకు 90 జీన్లు ఉన్నాయి. వాటిలో 32 రకాలు కణం లోపలే ఉండి పనిచేస్తాయి. అందులో అన్నిటికంటే ముందు దొరికింది సార్క్. దేశాల సార్క్ కాదు లెండి, ఇది వేరు.

దీని కథ కోడితో మొదలవుతుంది. 1911లో న్యూయార్క్‌లో పేటన్ రౌస్ ఒక కోడి కణితిని నూరి, కణాలు దాటలేని ఫిల్టర్‌లో వడకట్టి, ఆ ద్రవాన్ని వేరే కోళ్ళకు ఎక్కించాడు. వాటికీ కణితి వచ్చింది. కారణం ఒక వైరస్, అందులోని సార్క్ జీన్. 1976లో బిషప్, వార్మస్‌ల బృందం అసలు విషయం బయటపెట్టింది. ఆ జీన్ వైరస్ సొంతం కాదు, కోడిదే. వైరస్ కాపీ కొట్టింది. ఆ పనికి వాళ్ళిద్దరికీ 1989లో నోబెల్ వచ్చింది.

నాలాంటివాడికి నచ్చేది ఆ కాపీలో జరిగిన పొరపాటు. మామూలు సార్క్ తోక దగ్గర ఒక టైరోసిన్ ఉంటుంది. దాని మీద ఫాస్ఫేట్ ఉన్నంతసేపు సార్క్ ముడుచుకుని పడుకుంటుంది. తీసేస్తే లేచి పని మొదలుపెడుతుంది. వైరస్ కాపీలో ఆ తోకే లేదు. అంటే 'ఆగు' అనే లైన్ డిలీట్ అయిన కోడ్. ఇక ఎప్పుడూ ఆన్‌లోనే.

ఇప్పుడు మన నోటికి వద్దాం. నోటి లోపలి పొర, పేగు పొర, రొమ్ము నాళాల పొర... ఇవన్నీ ఎపిథీలియల్ కణాలు. గోడలో ఇటుకల్లా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. సార్క్ అతిగా పనిచేస్తే ఆ పట్టు సడలుతుంది. కణాలు విడిపోయి కదులుతాయి, పక్క కండలోకి దూరతాయి. పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లలో సార్క్ చురుకు పెరిగి ఉండటం చాలాసార్లు చూశారు.

మరి సార్క్‌ని ఆపేస్తే పోదా? బాబాయి ప్రశ్నే శాస్త్రవేత్తలూ వేసుకున్నారు. డాసాటినిబ్ అనే మాత్ర సార్క్‌ని ఆపుతుంది. ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్న 1,500 మందికి పైగా పాల్గొన్న ప్రయోగంలో, మామూలు కీమోకి దాన్ని జోడించి చూశారు. 2013లో ఫలితం వచ్చింది. ఆయుష్షు పెరగలేదు.

ఎందుకంటే గిద్దలూరు ఆయన జబ్బులో రెండు జీన్లు తప్పుగా అతుక్కుని ఒక కైనేజ్ చెడింది. మొత్తం యాప్ ఆ ఒక్క బగ్ మీదే నడుస్తోంది. దాన్ని ఆపితే చాలు. కార్సినోమాల్లో సార్క్ జీన్ చెడటం చాలా అరుదు. వేరే ఎక్కడెక్కడో చెడిన వాటి మాట విని అది ఎక్కువ పని చేస్తోంది, అంతే. దాన్నొక్కదాన్ని ఆపితే మిగతావి వేరే దారి చూసుకుంటాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కొందరికి ఈజీఎఫ్ఆర్ అనే కైనేజ్ జీనే చెడుతుంది, వాళ్ళకి మాత్రలు బాగా పనిచేస్తాయి. ఏ స్విచ్ చెడిందో తెలియకుండా మాత్ర పేరు వెతకడం వల్ల లాభం లేదు.

గ్రూపులో ఇదంతా రాయలేదు. "ఆపరేషన్ తప్పించే మాత్ర లేదు బాబాయ్, డాక్టర్ చెప్పిన తేదీకే చేయిద్దాం" అని మాత్రం పెట్టాను. చాలాసేపు ఎవరూ రిప్లై ఇవ్వలేదు. తర్వాత పెదనాయన కొడుకు "సరే" అన్నాడు.

ఆపరేషన్ అయింది, రేడియేషన్ అయింది. పెదనాయన మాట కాస్త ముద్దగా వస్తోంది. కారం ఇంకా తినలేకపోతున్నాడు. మొన్న ఫోన్‌లో అన్నాడు: "ఆ నాలుగు నెలలు ముందే పోయుంటే ఇంత కోసేవాళ్ళు కాదంట రా."

నన్ను ఇప్పటికీ గుచ్చేది ఆ నాలుగు నెలలే. మీ ఇంట్లో ఎవరికైనా నోట్లో పుండు రెండు మూడు వారాలకు మానకపోయినా, తెల్లటి, ఎర్రటి మచ్చ కనిపించినా, ఫోన్ టార్చ్ వేసి ఒకసారి చూడండి. బి కాంప్లెక్స్‌తో సరిపెట్టకుండా ఆ వారమే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. నేను ఆ టార్చ్ దసరాకి వెళ్ళినప్పుడే వేసి ఉండాల్సింది.