నిర్వహణ శాస్త్రంలో యాజమాన్యం చదవని పుటలు



పోస్టులు తగ్గించదలచినప్పుడల్లా యాజమాన్యాలకు నిర్వహణ శాస్త్రం గుర్తుకు వస్తుంది. వర్క్ స్టడీ బృందం దిగుతుంది. కీమన్ నడకను, సార్టర్ చేతి వేగాన్ని గడియారం పట్టి కొలుస్తుంది. ఆపైన పోస్టులు సరెండర్ అవుతాయి. పని మాత్రం తగ్గక, ఉన్నవారి భుజాల మీదనే పడుతుంది. ఇదేమని అడిగితే శాస్త్రీయ విధానానికి అడ్డు తగులుతున్నామని మన మీదనే నింద!

మనం శాస్త్రానికి విరోధులం కాము. ఆ శాస్త్రాన్ని చివరి పుట వరకు చదవమని మాత్రమే కోరుతున్నాము. గడియారం పట్టించిన టేలర్ గ్రంథం 1911 నాటిది. ఆ ఏడే అమెరికాలోని వాటర్‌టౌన్ ప్రభుత్వ ఆయుధాగారంలో పోతపని కార్మికులు ఆ గడియారానికి నిరసనగా సమ్మె చేశారు. అటు తరువాత జరిగిన పరిశోధనలో అధికభాగం ఒక్క విషయాన్నే పదే పదే రుజువు చేసింది: పని ఎట్లా నడుస్తున్నదో పనిచేసేవానికి తెలుసు, అతని నోరు నొక్కిన సంస్థ తన కళ్లు తానే పొడుచుకుంటుంది.

రుజువు కోసం సముద్రాలు దాటనక్కరలేదు. 1953లో లండన్ టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ అహమ్మదాబాదు కాలికో మిల్లులో ఒక ప్రయోగం జరిపాడు. ఆటోమేటిక్ మగ్గాలు వచ్చినా ఆశించిన ఫలితం రాలేదు. లోపం మగ్గంలో లేదు. పనిని ముక్కలు ముక్కలు చేసి, ఒకరితో ఒకరికి పొత్తు లేని పన్నెండు రకాల పనివారిని ఒకే షెడ్డులో తిప్పుతున్నారు. కొన్ని మగ్గాల పూర్తి బాధ్యతను ఒక చిన్న బృందానికి అప్పగించవచ్చునన్న సూచన రాగానే, ఆ బృందాలను కార్మికులే కూర్చుకున్నారు. సామర్థ్యం సుమారు 80 శాతం నుండి 95 శాతానికి పెరిగింది. లోపాలున్న బట్ట 32 శాతం నుండి 20 శాతానికి తగ్గింది. యంత్రాలు అవే, మనుషులు వారే. 1970లో తిరిగి పరిశీలించినప్పుడు ఒక షెడ్డులో ఆ పద్ధతి ఇంకా నిలిచి ఉన్నది. ఒత్తిడులు పెరిగిన మరొక షెడ్డులో పాత పద్ధతే తిరిగి వచ్చింది.

అదే గుజరాతులో సూరత్‌ను చూడండి. తెలంగాణ నుండి వలసపోయిన పద్మశాలీలు మరమగ్గాల మీద బ్రతుకుతున్న నగరమది. 1994 సెప్టెంబరులో ప్లేగు వ్యాపించి, లక్షలాది ప్రజలు రైళ్లు పట్టనంతగా కిక్కిరిసి నగరం విడిచిపోయారు. 1995 మే నెలలో ఎస్.ఆర్. రావు మునిసిపల్ కమిషనర్‌గా వచ్చారు. నగరాన్ని ఆరు మండలాలుగా విభజించి, తన అధికారాలను మండలాధికారులకు పంచి ఇచ్చారు. అధికారులు ప్రతిదినం వీధులలో ఉండాలన్నారు. "ఎ.సి. నుండి డి.సి.కి" అని దానికి పేరు పెట్టారు, అంటే చల్లని గది నుండి దినవారీ పనిలోకి. తాపీ నది పడమటి ఒడ్డున ఉన్న అడాజన్ మురుగుకాలువ గురించి కమిషనర్ సంతకం కోసం ఎదురుచూడవలసిన అగత్యం తప్పింది. 1996లో ఇంటాక్ సంస్థ సూరత్‌ను దేశంలో చండీగఢ్ తరువాత రెండవ పరిశుభ్ర నగరంగా పేర్కొన్నది.

కాని అదే అడాజన్ 2006 ఆగస్టులో మరొక పాఠం చెప్పింది. ఎగువన సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉకై జలాశయం నుండి 9 లక్షల క్యూసెక్కుల వరకు నీరు విడిచారు. అడాజన్, రాందేర్ మునిగిపోయాయి. జలాశయాన్ని నిండనిచ్చారనీ, ముందునుండే కొద్దికొద్దిగా విడువవలసిందనీ తీవ్ర విమర్శ వచ్చింది. నిర్ణయం చేసిన గదిలోకి నీరు రాలేదు. నీరు వచ్చిన ఇంటివారికి నిర్ణయంలో చోటు లేదు.

మన శాఖల సంగతికి వద్దాము. 1990లలో హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రులలో మందుల పొరపాట్లను పరిశీలించింది. మంచి నాయకత్వం ఉన్న వార్డులలో నమోదైన పొరపాట్లు తక్కువగా ఉంటాయనుకుంటే, ఎక్కువగా కనిపించాయి. అక్కడివారు భయం లేకుండా చెప్పుకోగలుగుతున్నారు, తక్కినచోట్ల దాచుకుంటున్నారు. ఛార్జిషీటు నీడలో పనిచేసే మనకు ఇది విడమరచి చెప్పాలా?

2023 జూన్ 2న బాలాసోర్ వద్ద బహానగా బజార్‌లో 290 మందికి పైగా మరణించారు. 2022 మే 16న ఖరగ్‌పూర్ డివిజన్‌లోనే మరొక స్టేషన్‌లో తప్పు వైరింగు వలన ఇటువంటి లోపమే బయటపడిందనీ, అప్పుడే సరిదిద్ది ఉంటే ఈ ఘోరం జరిగేది కాదనీ రైల్వే భద్రతా కమిషనర్ తేల్చారు. సి.బి.ఐ. తొలుత అరెస్టు చేసినది ఇద్దరు సిగ్నల్ సెక్షన్ ఇంజనీర్లను, ఒక టెక్నీషియన్‌ను. నేరం ఎవరిదో న్యాయస్థానం నిర్ణయిస్తుంది. ఏడాది ముందు వచ్చిన హెచ్చరికను పాఠంగా మార్చలేని వ్యవస్థకు ఛార్జిషీటు ఎవరిస్తారు?

కనుక మన కోర్కెలు ఇవి:

1. ప్రతి వర్క్ స్టడీలో సంఘ ప్రతినిధి ఉండాలి. సెలవు, విశ్రాంతి రిజర్వులను లెక్కించకుండా ఒక్క పోస్టు కూడా సరెండర్ చేయరాదు.

2. త్రుటిలో తప్పిన ప్రమాదాన్ని తెలియజేసిన ఉద్యోగిపై చర్య తీసుకోరాదు. ఆ సమాచారం అన్ని డివిజన్లకు వెంటనే అందాలి.

3. అధికారులు ట్రాక్ మీదకు, సార్టింగ్ హాలుకు, నెట్‌వర్కు ఆగిపోయిన తపాలా కౌంటరు వెనుకకు రావాలి. తప్పులు పట్టడానికి కాదు, వినడానికి.

సంఘం కూడ ఒక సంస్థయే. గ్యాంగులోని చివరి సభ్యుడు, పల్లె తపాలా కార్యాలయంలోని డాక్ సేవకుడు బ్రాంచి సమావేశంలో నిర్భయంగా లేచి మాట్లాడగలగాలి. అప్పుడే పై కోర్కెలను అడిగే నైతిక బలం నాయకులకు ఉంటుంది. ప్రతి బ్రాంచి ఈ కోర్కెలపై తీర్మానం చేసి యాజమాన్యానికి పంపవలసిందిగా పిలుపునిస్తున్నాము.

ఉద్యోగుల ఐక్యత వర్ధిల్లాలి!