ధర కదల్లేదు.. బిల్లు ఆగలేదు!
శ్లాబులతో దక్కిన ఊరట సర్దుబాటుతో హరీ

గృహ వినియోగదారులపై భారం మోపలేదని 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2025-26 టారిఫ్ ఉత్తర్వులు వెలువరించినపుడు ప్రకటించారు. ఆ మాట అబద్ధం కాదు. అయితే అంతకు రెండు నెలల ముందు నుంచే పల్లెల్లో బిల్లు చీటీలు చేతబట్టుకుని సబ్‌స్టేషన్ల చుట్టూ తిరిగినవారి ఫిర్యాదు కూడా అబద్ధం కాదు. ధర వేరు, బిల్లు వేరు కావడమే ఇక్కడి చిక్కు.

ధర సంగతి సులువుగానే తెలుస్తుంది. 2022 ఏప్రిల్‌లో నిర్ణయించిన శ్లాబులే 2025-26లోనూ కొనసాగాయి. తొలి 30 యూనిట్లకు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. ఒక్క యూనిట్ గీత దాటితే మొత్తం పెద్ద ధరకు పడుతుందన్న అపోహ ఇప్పటికీ చాలామందిలో ఉంది. అది నిజం కాదు. దాటిన యూనిట్లకే పై ధర వర్తిస్తుంది. ఈ లెక్కన నెలకు 200 యూనిట్లు కాల్చిన ఇంటికి విద్యుత్ ఛార్జీ రూ.867. రెండు కిలోవాట్ల లోడుకు స్థిర ఛార్జీ రూ.20, యూనిట్‌కు 6 పైసల వంతున విద్యుత్ సుంకం రూ.12, స్వల్పంగా కస్టమర్ ఛార్జీ కలుస్తాయి. తొమ్మిది వందల పైచిలుకుతో వ్యవహారం ముగియాలి. ముగియడం లేదు.

దీనికి తోడయ్యేది ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు. బొగ్గు ధర పెరిగినా, బహిరంగ విపణిలో కరెంటు కొనవలసి వచ్చినా అంచనాకు మించిన ఖర్చును డిస్కంలు వినియోగదారుల నుంచే రాబట్టుకుంటాయి. 2023-24 నుంచి యూనిట్‌కు 40 పైసల వరకు ఏ నెలకానెల వసూలు చేసుకునే వెసులుబాటు వాటికి దక్కింది. ఏడాది చివర తేలే తేడా మండలి ఉత్తర్వులతో తర్వాత వస్తుంది. 2022 వేసవిలో రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు, ఎక్స్ఛేంజీలో యూనిట్ ధరకు 12 రూపాయల పరిమితి విధించవలసి వచ్చింది. ఆనాటి మంట 2024 డిసెంబరులో ఇళ్లకు తాకింది. 2022-23కు సంబంధించి రూ.6,072 కోట్లు, 2023-24కు రూ.9,412 కోట్లు వాయిదాలలో వసూలు చేసుకునేందుకు మండలి అనుమతించింది. రెండో మొత్తానికి గడువు 24 నెలలు, అంటే 2026 నవంబరు దాకా.

పాత బాకీ యూనిట్‌కు రూపాయి అనుకుని చూసినా, పైన చెప్పిన 200 యూనిట్ల ఇంటి బిల్లు 1,200 రూపాయలకు చేరువవుతుంది. గమనించవలసిన అంశం మరొకటి ఉంది. పేదవాడు తక్కువ, కలిగినవాడు ఎక్కువ చెల్లించాలన్నది శ్లాబుల ఉద్దేశం. సర్దుబాటుకు ఆ విచక్షణ లేదు, అందరికీ ఒకే రేటు. ఒక ఫ్యాను, రెండు బల్బులతో 30 యూనిట్లు దాటని ఇంటికి విద్యుత్ ఛార్జీ రూ.57. దానిపై 40 పైసల వంతున రూ.12, అంటే 21 శాతం. 400 దాటాక కాల్చే యూనిట్‌పై అదే 40 పైసలు నాలుగు శాతం మాత్రమే! ఏసీల ఇంటికి చురుక్కుమన్నది, గుడిసెకు వాతగా మారుతోంది.

అద్దె ఇళ్లవారి గోడు వేరు. పాత సర్దుబాటును ఆనాడు ఆ సర్వీసుపై నమోదైన యూనిట్లను బట్టి లెక్కిస్తారు. వాడినవారు ఏ హైదరాబాదుకో వలస పోయి ఉంటారు. చెల్లించేది నిన్న మొన్న దిగినవారు. యజమానికీ, అద్దెదారుకూ మధ్య తగవుకు ఇది చాలదా?

సర్దుబాటు ఎప్పుడూ పైకే పోవాలని లేదు. 2024-25కు యూనిట్‌కు 40 పైసలు వసూలు చేయగా 27 పైసలే న్యాయమని మండలి తేల్చింది. మిగిలిన 13 పైసలను 2025 నవంబరు నుంచి బిల్లుల్లో తగ్గించాలని ఆదేశించింది. అంటే డిస్కంల లెక్కను నిలదీసే అధికారం మండలికి ఉన్నది, వాడితే ఫలితం ఉన్నది. కానీ మండలి విచారణలలో పరిశ్రమలవారు, రైతు సంఘాలు, వామపక్షాలు వినిపించినంతగా 30 యూనిట్ల ఇంటి తరఫున గొంతు వినిపించదు. ఆ ఇంటివారికి విచారణ ఉందన్న కబురైనా చేరదు. వారికి అందేది బిల్లు చీటీ ఒక్కటే. అందులోనూ సర్దుబాటు పద్దు ఏ ఏడాదిదో, ఏ నెలదో చదివి చెప్పేవారు ఊళ్లో ఒకరో ఇద్దరో.