మాటకు నవ్వామా, యాసకు నవ్వామా?

తెర మీద ఒకాయన నోరు తెరిచి "గిదేంది బై?" అన్నాడనుకోండి. ఆయన హీరోనా, కమెడియనా, విలన్ పక్కన చేతులు కట్టుకుని నిలబడే రౌడీనా? సినిమా పాతిక, ముప్ఫై ఏళ్ళ కిందటిదైతే మీరు తడుముకోకుండా జవాబు చెప్పేస్తారు. హీరో మాత్రం కాదు!

నేను కోరుట్ల పక్క పల్లెవాణ్ణి. ఆ రోజుల్లో మా వైపు టాకీసుల్లో అలాంటి డైలాగు పడగానే హాలంతా గొల్లున నవ్వేది. నవ్వినవాళ్ళు ఎక్కణ్ణుంచో వచ్చినవాళ్ళు కాదు, మావాళ్ళే! బీడీలు చుట్టి అలసిపోయి ఆటకొచ్చిన అక్కలు, సాంచాల మీద నైట్ డ్యూటీ ఎగ్గొట్టి వచ్చిన సిరిసిల్ల చుట్టాలు. ఇంట్లో అమ్మ రోజూ అనే మాటే తెర మీదికెక్కేసరికి జోకైపోయింది. చిత్రం కదూ?

దీనికి కారణం ఎవరో పనిగట్టుకుని చేసిన కుట్ర అని నేననను. తెలుగు టాకీ 1932లో వచ్చింది. స్టూడియోలు మద్రాసులో వెలిశాయి. కథలు, మాటలు రాసేవాళ్ళలో ఎక్కువమంది కోస్తా జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళు. తమ నోట ఆడే తెలుగే రాశారు. అదే 'మంచి తెలుగు' అయి కూర్చుంది. మిగతాదంతా 'యాస' అయింది! మరి గుంటూరువాళ్ళది యాస కాదా అని ఎవరూ అడగలేదు.

ఆ కాలంలో మేము నిజాం రాజ్యంలో వున్నాం. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలోనే చదువంతా ఉర్దూలో సాగితే ఇక బడుల సంగతి చెప్పాలా? 1948 దాకా అదే వరస. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక పాఠ్యపుస్తకాల్లో తెలుగైతే వచ్చింది కానీ అది మా ఇంటి తెలుగు కాదు. ఇంట్లో ఒక తెలుగు, బళ్ళో ఒక తెలుగు, సినిమాలో ఇంకో తెలుగు. పిల్లగాడు ఏది తనదనుకోవాలి?

"మీది ఉర్దూ కలిసిన తెలుగండీ" అని పెదవి విరిచేవాళ్ళున్నారు. మంచిది. మరి జవాబు, ఖర్చు, హాజరు, రాజీనామా, వకీలు, జిల్లా... ఇవన్నీ ఏ భాషవి? ఫారసీ, అరబ్బీల నుంచి వచ్చి అన్ని జిల్లాల తెలుగులోనూ స్థిరపడ్డవే! వాళ్ళు కలుపుకుంటే తెలుగు, మేము కలుపుకుంటే సంకరమా?

ఆ పెదవి విరుపులకు మా దగ్గర ఒక గట్టి జవాబు వుంది. ఆయన పేరు సి. నారాయణరెడ్డి. వూరు వేములవాడ దగ్గరి హనుమాజీపేట. పుట్టింది 1931లో. సిరిసిల్లలో, కరీంనగర్‌లో చదివిన చదువు ఉర్దూ మీడియం. ఆ ఉర్దూ మీడియం కుర్రాడే 1962లో 'గులేబకావళి కథ' పాటలతో తెలుగు సినిమాను వూపేశాడు. 'విశ్వంభర'కు 1988 సంవత్సరపు జ్ఞానపీఠం తెచ్చుకున్నాడు. విశ్వనాథ సత్యనారాయణ తర్వాత తెలుగులో ఆ గౌరవం దక్కింది ఆయనకే. ఉర్దూ నేర్చిన నోరు తెలుగుకు పనికిరాదన్న మాట అక్కడితో చెల్లిపోవాలి. చెల్లిందా? లేదు!

ఎందుకంటే సినారె అంతటివాడు ఎప్పుడో ఒకడు పుడతాడు. మిగతావాళ్ళ సంగతి చూడండి. హైదరాబాద్ హాస్టల్లో నా పక్క మంచం పిల్లగాడు సిరిసిల్లవాడు. వాళ్ళ నాయనకు నాలుగు సాంచాలు. మోటారు ఎక్కడ వేడెక్కింది, దారం ఎందుకు తెగింది, చప్పుడు విని చెప్పేసేవాడు. ఒకనాడు క్లాసులో లేచి "అది గట్ల కాదు సార్" అన్నాడు. అంతే, వెనక బెంచీల నుంచి నవ్వులు. సినిమా డైలాగులు! ఆ తర్వాత ఏడాదంతా వాడు క్లాసులో నోరు విప్పలేదు. జవాబు రాక కాదు, చెబితే నవ్వుతారని. ఒక్క నవ్వు ఒక తెలివైన పిల్లగాడి నోరు మూయించింది. నా బాధ అక్కడ!

అయితే రోజులు మారాయి, అది కూడా చెప్పుకోవాలి. 1979లో బి. నర్సింగరావు పూనికతో వచ్చిన 'మాభూమి' తెలంగాణ పల్లెను దాని మాటతోనే చూపించింది. దర్శకుడు గౌతం ఘోష్ మాత్రం బెంగాలీ! 2017లో 'ఫిదా' హీరోయిన్ సాయిపల్లవి తమిళనాడు పిల్ల. మా మాట నేర్చుకుని, తన గొంతుతోనే డబ్బింగ్ చెప్పుకుంది. జనం నవ్వారు, కానీ ఆ పిల్లను చూసి కాదు, ఆ పిల్లతో కలిసి! 2023లో సిరిసిల్లవాడే అయిన వేణు యెల్దండి 'బలగం' తీస్తే ఊళ్ళకు ఊళ్ళు ఆరుబయట తెర కట్టుకుని చూసి ఏడ్చాయి. ఆ సినిమాకు పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు కూడా వచ్చింది.

మరి ఇక గొడవేముంది అంటారా? వుంది. యాసకు గిరాకీ పెరిగేసరికి కొత్త వేషం ఒకటి తయారైంది. తెలంగాణవాడంటే చాలు, చేతిలో సీసా, నోట్లో బూతు! మా వూళ్ళల్లో దుబాయి పోయి ఇంటికి పైసలు పంపే తండ్రులు లేరా? బీడీలు చుట్టి బిడ్డలను ఇంజనీరింగ్ చదివించిన తల్లులు లేరా? వాళ్ళూ ఈ భాషే మాట్లాడతారండీ.

ఇంకో సంగతి. మనల్ని చూసి నవ్వారని మనం శ్రీకాకుళం మాట విని నవ్వితే లెక్క సరిపోదు. రెట్టింపవుతుంది. 2022-23 నుంచి సర్కారు బళ్ళలోనూ ఇంగ్లీషు మీడియం వచ్చింది. మంచిదే. కానీ రేపు జగిత్యాల పిల్ల ఇంటర్వ్యూలో ఇంగ్లీషు మాట్లాడితే, దాని ఉచ్చారణ విని నవ్వడానికి అప్పుడే కొందరు సిద్ధంగా వున్నారు.

అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! నాలుగు భాషలు నేర్చుకోండి, నాలుగు తీర్లుగా మాట్లాడండి. కానీ హైదరాబాద్ బస్సు ఎక్కేటప్పుడు అమ్మ మాటను స్టాండులో వదిలేసి పోకండి. ఇక హాల్లో ఈసారి నవ్వొచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి చూసుకోండి: ఆయన అన్న మాటకు నవ్వుతున్నామా, అన్న తీరుకా? మొదటిదైతే హాయిగా నవ్వండి. రెండోదైతే, మీ పక్క సీట్లోనే సిరిసిల్ల పిల్లగాడొకడు కూర్చుని వుండొచ్చు.