బందరులోనే కమర్షియల్ ఆర్ట్ కాలేజీ ఉండాలి

హంసలదీవి, కోడూరు, నాగాయలంక వైపు బడుల్లో చక్కగా బొమ్మలు వేసే పిల్లలకు తెలిసిన పెద్ద మెట్టు డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు. అవి గట్టెక్కాక ఏం చదవాలని అడిగితే ఊళ్లో సరైన జవాబు చెప్పేవాళ్లు అరుదు. కమర్షియల్ లేదా అప్లయిడ్ ఆర్ట్‌లో డిగ్రీ చేయాలంటే విశాఖకో, కడపకో, హైదరాబాద్‌కో పోవాలి. హాస్టల్ ఖర్చు భరించలేని పిల్లలు ఫ్లెక్సీ షాపులో కంప్యూటర్ ముందు కూర్చుంటారు, లేదా బొమ్మలే మానేస్తారు. పుస్తకానికి బొమ్మ, సరుకుకు పెట్టె, కంపెనీకి గుర్తు, భాషకు అక్షరం గీయడం నేర్పే చదువు మచిలీపట్నంలోనే, అంటే మన బందరులోనే ఉండాలన్నది నా వాదన. దూరాభారం తగ్గుతుందని మాత్రమే ఇలా అనడం లేదు. ఈ విద్యకు కావలసిన పునాది మరెక్కడా లేనంత బలంగా ఇక్కడుంది.

కమర్షియల్ ఆర్ట్ అంటే ఎవరో అడిగిన పనికి, అచ్చులో వందలసార్లు దిగేలా బొమ్మ గీయడం. ఈ పని బందరు సీమ నాలుగు వందల ఏళ్లుగా చేస్తోంది. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిషువాళ్లు ఇక్కడ వర్తక స్థావరాలు పెట్టారు. అద్దకం బట్టల కోసం కొనేవాళ్ల అభిరుచికి తగిన నమూనాలు ఓడల్లో వచ్చేవి, వాటిని చూసి ఇక్కడి పనివాళ్లు పూలూ తీగలూ మార్చి గీసేవాళ్లు. భారతదేశపు అద్దకాల ధాటికి తట్టుకోలేక 1686లో ఫ్రాన్స్ వాటిని నిషేధించింది. అద్దకం నూలు బట్ట కట్టడమే తప్పని 1721లో ఇంగ్లండ్ చట్టం చేసింది. ఆ అద్దకం పని ఇప్పటికీ బందరు పక్కనున్న పెడనలో కనబడుతుంది. టేకు దిమ్మను నునుపు చేసి, దానిమీదికి బొమ్మ దించి, సన్నని ఉలులతో చెక్కుతారు. గీతలకు ఒక అచ్చు, లోపల నింపే ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి, అంచు దగ్గర తీగ తెగకుండా పక్క అచ్చులోకి సాగాలి. కరక్కాయ, పాలు పట్టించిన బట్టమీద పటిక అద్దినప్పుడు ఎరుపు కంటికి ఆనదు. కాలువ నీళ్లలో జాడించి, వేళ్లూ చెక్కలూ వేసి మరిగించాకే తేలుతుంది. ఇప్పుడు కనబడేది వేరు, చివరకు వచ్చేది వేరు అన్న ఎరుకతో గీయడమే అచ్చుబొమ్మల విద్యకు ప్రాణం. నాలుగు రంగుల ఆఫ్‌సెట్ ముద్రణ గురించి తరగతిలో ఎన్ని పాఠాలు చెప్పినా, పెడనలో అచ్చులు అద్దే బల్ల దగ్గర ఒక పూట నిలబడినంత బాగా బుర్రకెక్కదు.

పైగా ఇది బందరుకు కొత్త ఆలోచనేం కాదు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య పూనికతో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల చదువుతోపాటు చేతిపనులూ నేర్పింది. బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ వచ్చి అక్కడ చిత్రకళ నేర్పారు. ఆయన శిష్యుడు అడివి బాపిరాజు తరువాత అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ దారి మూసుకుపోయాక మనవాళ్లకు వలసే మిగిలింది. గుడివాడలో పుట్టిన చిత్రకారుడు ఎస్.వి. రామారావు మద్రాసు వెళ్లి చదివారు, అక్కడినుంచి లండన్ స్లేడ్ స్కూలుకు వెళ్లారు. వెళ్లి వెలిగారు, సంతోషమే. వెళ్లలేనివాళ్ల లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు.

చిత్రకారుడు బాపు ఏ ఆర్టు కాలేజీలో చదివారని అడిగేవాళ్లున్నారు. ఆయన చదివింది న్యాయశాస్త్రం, నిజమే. కానీ ఆయన పెరిగిన మద్రాసులో పత్రికాఫీసులు, ప్రెస్సులు, ప్రకటనల కంపెనీలు, సినిమా పోస్టర్ల పనివాళ్లు ఒక్కచోటే ఉండేవారు. ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేస్తూ, ప్రకటనల రంగంలో పనిచేస్తూ ఆయన అచ్చు లోగుట్టు పట్టారు. ఆ వాతావరణమే ఆయనకు కాలేజీ. నాగాయలంక పిల్లవాడికి ఆ వీధులు లేవు కాబట్టే కాలేజీ కావాలి. ‘చందమామ’ చిత్రకారుడు శంకర్ మాటకొస్తే, ఆయన మద్రాసు ఆర్టు స్కూల్లో పద్ధతిగా చదువుకున్నవారే.

ఈ చదువు కూడు పెడుతుందా అన్న తల్లిదండ్రుల బెంగను తేలిగ్గా తీసిపారేయకూడదు. మొదటి ఏళ్లలో సంపాదన ఇంజనీరుకు వచ్చినంత రాకపోవచ్చు. అయితే చేయడానికి పని మాత్రం కళ్లెదుటే ఉంది. బందరు లడ్డుకు భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరుకు తగిన డబ్బా బొమ్మ కావాలి. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలకు కేటలాగులు కావాలి. పెడన అచ్చులకు కొత్త బొమ్మలు కావాలి. అన్నిటికన్నా పెద్ద కరువు తెలుగు అక్షరాలది. సిలికానాంధ్ర సంస్థ ద్వారా ఉచితంగా అందిన యూనికోడ్ ఫాంట్లలో ఒకదాని పేరు ‘మండలి’. 1977 దివిసీమ ఉప్పెనలో జనానికి అండగా నిలిచిన మండలి వెంకట కృష్ణారావు పేరు అది. అలాంటివి ఇంకా ఎన్నో రావాలి. ఒత్తు కిందికి జారితే రెండు పంక్తుల మధ్య ఎంత ఎడం ఉంచాలి, చిన్న సైజులో గుడీ గుడిదీర్ఘమూ కలిసిపోకుండా ఎలా గీయాలి అన్నవి ఏళ్లు పెట్టి నేర్వాల్సిన విద్యలు.

కృత్రిమ మేధ క్షణంలో బొమ్మ గీసిస్తుంటే కాలేజీ ఎందుకన్నది మరో ప్రశ్న. అది పది బొమ్మలు ఇస్తుంది. వాటిలో ఏది అచ్చుకు పనికొస్తుంది, ఏది ఎవరి పనికో నకలు అని తేల్చగల కన్ను శిక్షణతోనే వస్తుంది. నకలు బెడద పెడనకు తెలియనిది కాదు. అచ్చుతో అద్దిన బట్టను చూసి స్క్రీన్ ప్రింటు మిల్లులు అదే బొమ్మను చౌకగా దింపేస్తాయి. భౌగోళిక గుర్తింపు పేరును కాపాడుతుందే తప్ప ఒక్కో కొత్త బొమ్మను కాపాడదు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేసుకుంటే కొత్త డిజైనుకు పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు రక్షణ ఉంటుంది. గీయడంతోపాటు ఇదీ పాఠ్యాంశం కావాలి.

కూచిపూడి నాట్యానికి కూచిపూడిలోనే సిద్ధేంద్ర కళాపీఠం ఏర్పడింది. అదే సీమలోని బందరులో అచ్చు విద్యకు ఒక పీఠం అడగడం గొంతెమ్మ కోరిక కాదు. 2008 నుంచి బందరులో కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది, పెడన అక్కడికి కూతవేటు దూరం. అచ్చులు చెక్కేవారికి పీజీ పట్టా లేదు, ఎలా నియమిస్తారని అధికారులు అడగవచ్చు. పదిహేనేళ్ల అనుభవం ఉన్న నిపుణులను డిగ్రీలతో పని లేకుండా ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’గా తీసుకోవచ్చని, అలా తీసుకునేవారి సంఖ్య మంజూరైన పోస్టుల్లో పది శాతం మించకూడదని యూజీసీ 2022లోనే మార్గదర్శకాలిచ్చింది. అలాంటి నియామకాల్లో మొదటిది పెడన అచ్చుల పనివారికి ఇవ్వాలి.