ఎంతమందికి మందులిచ్చారు సరే, ఎలా చూశారు?

మన దేశంలో హెచ్‌ఐవి ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టి మందులివ్వడం 2004 ఏప్రిల్ 1న ఎనిమిది ఆస్పత్రుల్లో మొదలైంది. సీడీ4 కణాలు 200 కంటే తగ్గితేగాని మందులివ్వని ఆ రోజుల నుంచి, పరీక్షలో తేలిన ప్రతి ఒక్కరికీ మందులివ్వాలన్న 2017 నిర్ణయం దాకా వచ్చాం. ఇది చిన్న విజయమేమీ కాదు. హెచ్‌ఐవితో బతుకుతున్నవాళ్ళు సంఘాలు పెట్టుకుని, రోడ్ల మీదకొచ్చి అడిగితే వచ్చిన మార్పు ఇది. అయితే మందు అందడం వేరు, మంచి వైద్యం అందడం వేరు. ఈ రెండోదాన్ని ఎవరు కొలుస్తున్నారు, దేంతో కొలుస్తున్నారు అన్నది స్త్రీల సంఘాలు పట్టించుకోవాల్సిన విషయమని నేననుకుంటున్నాను.

అంకెల పాలనతో మనకి పాత పరిచయమే. కుటుంబ నియంత్రణ టార్గెట్లకి వ్యతిరేకంగా స్త్రీలు ఏళ్ళ తరబడి మాట్లాడాక, 1996లో ప్రభుత్వం వాటిని ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు స్త్రీలు చనిపోయారు. ఎన్ని ఆపరేషన్లు చేశామన్నదే లెక్కగా అలవాటైన వ్యవస్థకి, ఇంటికెళ్ళాక ఆమె ఎలా ఉందన్నది అంత తేలిగ్గా కనపడదు.

హెచ్‌ఐవి కార్యక్రమంలో ఇవాళ ముఖ్యమైన కొలమానం వైరల్ లోడ్. మందులు వాడుతున్నవాళ్ళలో ఎంతమందికి వైరస్ అదుపులో ఉందన్నది చూస్తారు. 2025 కల్లా చేరాలని ఐక్యరాజ్యసమితి పెట్టిన మూడు 95 శాతాల లక్ష్యంలో మూడోది ఇదే. మంచి కొలమానమే, కాదనను. కానీ ఏ శాతమైనా కింద ఏ సంఖ్య పెట్టి భాగించామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒక సెంటర్లో వందమంది మందులు మొదలుపెట్టారనుకుందాం. ఇరవైమంది మధ్యలో మానేశారు. పదిమందికి పరీక్షే జరగలేదు. పరీక్ష జరిగిన 70 మందిలో 66 మందికి వైరస్ అదుపులో ఉంది. డెబ్భైతో భాగిస్తే 94 శాతం. వందతో భాగిస్తే 66. రెండూ అబద్ధాలు కావు. కాకపోతే మొదటి లెక్కలో ఆ ముప్ఫైమంది లేనే లేరు.

ఎవరు వాళ్ళు? భర్త పోయాక అత్తింటివాళ్ళు వెళ్ళగొడితే పుట్టింటి ఊరికి చేరినామె. బస్సు చార్జీలు పెట్టుకుని, ఒకరోజు కూలి పోగొట్టుకుని రాలేనామె. ఇంట్లో ఎవరి కంటా పడకుండా మందుల డబ్బా దాచుకోలేనామె. నా పరిశోధనలో భాగంగా మాట్లాడిన స్త్రీలు చెప్పిన కారణాల్లో మందులు పడకపోవడం ఒకటి మాత్రమే. పదిమందిలో పేరు పెట్టి గట్టిగా పిలవడం, ఊరివాళ్ళు చూస్తారన్న భయం, డాక్టరు తలెత్తి చూడకుండానే పంపేయడం గురించే వాళ్ళు ఎక్కువ చెప్పారు. రికార్డులో మాత్రం వీళ్ళంతా ‘లాస్ట్ టు ఫాలో అప్’. అంటే ఆమే తప్పిపోయిందని. ఆమెని సెంటర్ పోగొట్టుకుందన్న అర్థం ఆ మాటలో వినపడదు.

ఇక స్త్రీ శరీరం ఈ కొలమానాల్లో ఎప్పుడు కనపడుతుంది? గర్భంతో ఉన్నప్పుడు. 2014లో గర్భవతులందరికీ జీవితాంతం మందులివ్వాలని నిర్ణయించేదాకా, సీడీ4 మరీ తగ్గనివాళ్ళకి కాన్పప్పుడు ఒక్క డోసు నెవిరపిన్ ఇచ్చేవాళ్ళు. బిడ్డకి సోకలేదంటే కార్యక్రమం విజయవంతమైనట్టే. తల్లి ఏమైందన్నది ఎవరి లెక్కా కాదు.

హెచ్‌ఐవి ఉన్న స్త్రీలకి గర్భాశయ ముఖద్వార కాన్సర్ వచ్చే అవకాశం మిగతా స్త్రీల కంటే ఆరు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెపుతోంది. వీళ్ళకి 25 ఏళ్ళ నుంచే ఆ పరీక్ష చేయాలంటోంది. అమెరికాలో ఈ కాన్సర్‌ని ఎయిడ్స్ నిర్వచనంలో చేర్చడానికి 1993 దాకా పట్టింది, అదీ స్త్రీలు పోరాడాకే. అక్కడ ప్రభుత్వ డబ్బుతో నడిచే హెచ్‌ఐవి కార్యక్రమాలన్నీ వైద్యం నాణ్యతని చూసుకునే ఏర్పాటు చేసుకోవాలని 2000లో ర్యాన్ వైట్ చట్టంలో రాశారు. ఆ తర్వాత తయారుచేసిన కొలమానాల్లో ఈ కాన్సర్ పరీక్ష కూడా ఒకటి. మన మార్గదర్శకాల్లోనూ ఈ పరీక్ష ఉంది. ఎంతమందికి చేశారని అడిగేవాళ్ళు లేకపోతే అది కాగితం మీదే ఉండిపోతుంది.

ఉన్న రిజిస్టర్లకే చెయ్యి తిరగడం లేదు, ఇంకో కొలమానమా అని కౌన్సిలర్లు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కొలతని సిబ్బందిని శిక్షించడానికి వాడితే దిద్దిన అంకెలే వస్తాయి. 2022లో మందుల కొరత మీద హెచ్‌ఐవి ఉన్నవాళ్ళు ఢిల్లీలో నాకో ఆఫీసు ముందు నెలరోజులకి పైగా ధర్నా చేశారు. స్టాకు రాకపోవడం కౌన్సిలర్ తప్పా? కాబట్టి కొలత కింది నుంచే కాదు, పైనుంచి కూడా మొదలవ్వాలి.

ప్రతి సెంటర్ నుంచి మనం అడగాల్సినవి నాలుగు. మందులు మొదలుపెట్టిన అందరినీ కలుపుకుని, స్త్రీలవి విడిగా చూపిస్తూ వైరల్ లోడ్ లెక్క. ఏడాదిలో ఎంతమంది స్త్రీలకి కాన్సర్ పరీక్ష జరిగింది. ఎన్ని రోజులు ఏ మందు లేదు. ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఏం చేశారు. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవి చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటోంది. గర్భవతికి ఆమె ఒప్పుకోలు లేకుండా అబార్షన్‌గాని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌గాని చేయకూడదంటోంది. ఇరవైమంది, అంతకంటే ఎక్కువమంది ఉన్న వైద్య సంస్థల్లో ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలంటోంది. ఆ అధికారి ఎవరో సెంటర్ గోడ మీద రాసి ఉందా?

ఈ కొలమానాలు నిర్ణయించే చోట హెచ్‌ఐవితో బతుకుతున్న స్త్రీలు కూర్చోవాలి. ఏది మంచి వైద్యమో వాళ్ళకి తెలిసినంతగా మనకి తెలీదు. ఈలోగా, వాళ్ళ సంఘాలతో కలిసి, మన జిల్లాలో సెంటర్‌కి వెళ్ళి ఈ నాలుగూ అడుగుదాం. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెడదాం. ఎవరి పేర్లూ మనకి వద్దు, అంకెలు చాలు.