అడుగుట చాలదు

ప్రజాభిప్రాయమును సేకరించుటకు నేడు సాధనములకు కొఱతలేదు. కొఱత యెల్ల దానిని మన్నించు బుద్ధికే. ఐస్‌లాండు దేశ వృత్తాంతమే యిందుకు తార్కాణము. 2008లో బ్యాంకులు కూలిన పిమ్మట ఆ దేశీయులు నూతన రాజ్యాంగమును కోరిరి. 2011లో 25 మంది సభ్యులుగల రాజ్యాంగ మండలి తన ముసాయిదాను ఎప్పటికప్పుడు ఇంటర్నెట్టులో ప్రకటించి, ఫేస్‌బుక్కు మొదలగు మార్గములలో పౌరుల సూచనలను స్వీకరించినది. 2012 అక్టోబరు 20వ తేదీన వోటిచ్చినవారిలో సుమారు మూడింట రెండువంతులమంది ఆ ముసాయిదాయే నూతన రాజ్యాంగమునకు ప్రాతిపదిక కావలెననిరి. అయినను ఆ తీర్పు సలహామాత్రమే యగుటచే, 2013లో పార్లమెంటు దానిని శాసనము చేయకయే ముగిసినది.

మన దేశమునందును ఇట్టి లోపమే కలదు. ముసాయిదా బిల్లులను కనీసము 30 దినములు ప్రజల యెదుట నుంచవలెనని కేంద్రప్రభుత్వము 2014లో ఒక విధానము నేర్పఱచినది. కాని విధానము శాసనము కాదు. పాటింపనివారికి దండనము లేదు. కావున దీనిని శాసనముగా మార్చవలెననియు, త్రోసిపుచ్చిన సూచనలకు కారణములను వ్రాతమూలకముగా ప్రకటింపవలెననియు మేము కోరుచున్నాము. వినువాడు కట్టుబడనిచో చెప్పువాని గొంతు ఆరుటయే ఫలము. చదువరులారా! పఠనమందిరములలో ఈ విషయమును చర్చింపుడు. మీ పార్లమెంటు సభ్యుని నిలిపి యడుగుడు.