బదులు పలుకకుండుట

క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దమున భారతఖండపు వాయవ్యభాగము నేలిన యవనరాజు మిళిందుడు వాదప్రియుడు. అతడొకనాడు నాగసేనుడను బౌద్ధభిక్షువును తనతో వాదింపుమని కోరెను. పండితులు వాదించునట్లైనచో సమ్మతమే గాని, రాజులు వాదించునట్లైనచో తాను రానని నాగసేనుడు బదులు చెప్పెను. రెంటికిని భేదమేమని రాజడుగగా భిక్షువు వివరించెను: పండితులు ఒకరి మాట నొకరు ఖండింతురు, తప్పు చూపినచో ఒప్పుకొందురు, కోపింపరు, రాజులు తమకు తోచినదొకటి చెప్పి, కాదన్నవానిని దండింపుమందురు. మిళిందుడు పండితమార్గమునకే ఒప్పుకొనెను. ఆరామమున ఊడిగము చేయువానితో మాటలాడునట్లే తనతోను నిర్భయముగా మాటలాడుమనెను. వారి ప్రశ్నోత్తరములు 'మిళిందపన్హ' అను పాళీ గ్రంథమున నున్నవి. వాదమునకు ముందే దాని మర్యాదను నిర్ణయించుకొనుట ఇందలి విశేషము.

న్యాయదర్శనకర్తయగు గౌతముడు ఇట్టి చర్చలను మూడు విధములుగా విభజించెను. సత్యము తెలిసికొనగోరి ఇరువురు ప్రమాణములతో మాటలాడుట వాదము. ఎట్లైనను గెలువవలెనని తలపడుట జల్పము. తనదని ఒక పక్షము లేక, ఎదుటివాని పక్షమును పడగొట్టుటయే పనిగా పెట్టుకొనుట వితండ. "వితండవాదము చేయకురా" అని మన యిండ్లలో పెద్దలు మందలించునది ఈ మూడవదానినే. జల్పమున ఎదుటివాని మాటను మెలిపెట్టుటకు ఛలమని పేరు. సంస్కృతమున 'నవ' అనగా క్రొత్త అనియు, తొమ్మిది అనియు అర్థములు గలవు. ఈ బాలుడు నవకంబళము గలవాడని ఒకడనగా, వీనికి తొమ్మిది కంబళ్లెక్కడివి, ఉన్నది ఒక్కటియే గదా యని మరియొక డాక్షేపించును! వాత్స్యాయనుని న్యాయభాష్యములోని ఉదాహరణమిది. అట్టివానికి రెండు మారులు బదులు చెప్పినవాడు మూడవమారు తానును కంబళ్లను లెక్కింపసాగును.

కావున ఎదుటివాడేమి కోరుచున్నాడో ముందుగా గ్రహింపవలెను. తెలియక అడుగువానికి, అతని మాట కటువుగా నున్నను, ఓపికతో చెప్పుట ధర్మము. కయ్యమునకు కాలు దువ్వువానికి మాత్రము ఒక్కసారి తన అభిప్రాయము స్పష్టముగా చెప్పి ఊరకుండుట మేలు. ఊరకుండుట ఓటమియని బాలురు తలంతురు. పెద్దలును తలంతురు, ఆ మాట దాచనేల? నేడు ఒకే తరగతివారు చేతిఫోనులలో ఒక కూటమిగా చేరి, రాత్రి చాల ప్రొద్దుపోవువరకు మాటకు మాట విసరుకొనుచున్నారు. అచ్చట ఎదుటివాని ముఖము కానరాదు, కన్నీరును కానరాదు. నోటిమాట గాలిలో కలియును గాని, వ్రాసినమాట పలువురి చేతులలోనికి పోవును. అట్టిచోట బదులు వ్రాయుటను తెల్లవారువరకు ఆపుకొన్నవానికి నష్టమేమియు లేదు. అయితే, బలహీనుడగు తోటివానిని పదిమంది గేలిచేయుచుండగా చూచి మిన్నకుండుట వేరు. అది ఓర్పు గాదు, పిరికితనము.

ఉపేక్ష వేరు, వెలి వేరు. వెనుక పల్లెలలో కట్టుబాటు మీరెనని ఒక కుటుంబమును వెలివేసినచో వారికి నీరును నిప్పును ఇచ్చువారుండెడివారు కారు. శుభాశుభములకు పిలుపుండెడిది కాదు. ఈ దురాచారము ఇంకను పూర్తిగా పోలేదు. మహారాష్ట్రము సాంఘిక బహిష్కరణమును నేరముగా నెంచి 2016లో శాసనము చేసెను. ఒక బాలిక ప్రక్కన ఎవరును కూర్చుండరాదని తరగతిలో నలుగురు కూడబలుకుకొనుటయు వెలికి చిన్న రూపమే. విడువవలసినది మాటను గాని మనిషిని గాదు.

బుద్ధుని సంఘమున ఛన్నునికి విధించిన దండము ఇచ్చట తలపునకు వచ్చును. సిద్ధార్థుడు ఇల్లు విడిచిన రాత్రి వెంటనున్న సారథి ఇతడు. తరువాత భిక్షువై, బుద్ధుడు తనవాడను గర్వమున ఎవరి హితవును వినడయ్యెను. ఇతనికి బ్రహ్మదండము విధింపుమని బుద్ధుడు తన అంతిమదినములలో ఆనందునితో చెప్పెను. ఛన్నుడు తన యిష్టము వచ్చినట్లు మాటలాడవచ్చును. భిక్షువులు మాత్రము అతనితో పలుకరాదు, అతనికి హితవు చెప్పరాదు. కఠినమైన దండమే! అయినను అతని నోరు మూయలేదు, సంఘమునుండి వెడలగొట్టలేదు. బుద్ధుని నిర్యాణానంతరము ఆనందుడు కౌశాంబికి పోయి ఈ సంగతి తెలుపగా ఛన్నుడు మూర్ఛిల్లెను. పిమ్మట ఏకాంతమున సాధన చేసి అర్హతుడయ్యెను. అటుపై ఆనందుని యొద్దకు వచ్చి, ఇక ఆ దండమును తొలగింపుమని వేడెను. నీవు అర్హతుడవైన క్షణముననే అది తొలగిపోయినదని ఆనందుడు చెప్పెను.